వేగం వెనుక సహనం

మోటారు పందేలలో ఫార్ములా వన్ అత్యున్నత సోపానం. దానిని అధిరోహించిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్. ఆయన 1977లో కోయంబత్తూరులో జన్మించారు. తండ్రి ర్యాలీ పోటీల విజేత కావడంతో చిన్ననాడే ఈ క్రీడపై మక్కువ కలిగింది. ఫ్రాన్సులో శిక్షణ పొంది, 1996లో ఫార్ములా ఆసియా విజేతగా నిలిచారు.

అయినా ఫార్ములా వన్‌లో చోటు దక్కడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. ఈ క్రీడకు నైపుణ్యం ఒక్కటే చాలదు. కారుకు, టైర్లకు, ప్రయాణాలకు ధనమిచ్చే పోషకులూ కావాలి.

2005లో ఆయన జోర్డాన్ జట్టులో చేరారు. ఆ ఏటి అమెరికా పందెంలో టైర్ల భద్రతపై సందేహంతో 20 కార్లలో 14 వైదొలగాయి. మిగిలిన ఆరింటిలో నాలుగవ స్థానం పొంది, 5 పాయింట్లు సాధించారు. అది కేవలం అదృష్టమనేవారు ఉన్నారు. కాని, అట్టి అవకాశం వచ్చిన నాడు పందెపు బాటపై నిలిచి ఉండటానికే ఆయన ఏళ్ల తరబడి సాధన చేయవలసి వచ్చింది.