చిగుళ్ళు కనిపించే నవ్వు: బొట్యులినం టాక్సిన్ చికిత్స

4.1 పరిచయం

మధురానగర్ మెట్రో స్టేషన్‌లో దిగి యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా జూబ్లీహిల్స్ వైపు వెళితే దంత వైద్యశాలల, చర్మ వైద్యశాలల బోర్డులు మీకు చాలా కనిపిస్తాయి. వాటిలో కొన్నింటి మీద ‘స్మైల్ డిజైనింగ్’ అని రాసి ఉంటుంది. సినీ పరిశ్రమకు ఇంత దగ్గరలో, ముఖమే పెట్టుబడిగా బతికేవారి మధ్య, నవ్వును దిద్దే వైద్యానికి గిరాకీ ఉండటం సహజమే. అయితే ఇప్పుడు అక్కడికి వెళుతున్నది నటీనటులు మాత్రమే కాదు. పెళ్ళిచూపులకు ముందు, ఉద్యోగంలో చేరే ముందు కూడా యువతీయువకులు వెళుతున్నారు.

నవ్వినప్పుడు పై పళ్ళతోపాటు చిగుళ్ళు కూడా బాగా కనబడటాన్ని గమ్మీ స్మైల్ అంటారు. ఒకటి రెండు మిల్లీమీటర్ల చిగురు కనిపించడం మామూలే. సాధారణంగా 3 మి.మీ. దాటితే వైద్యులు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఇది జబ్బు కాదు. చికిత్స చేయించుకోకపోతే ఆరోగ్యానికి వచ్చే నష్టమేమీ లేదు. మిగతా పాఠం చదివేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

4.2 కారణం ఒకటి కాదు

అద్దం ముందు నిలబడండి. పెదవులను వదులుగా ఉంచి ఒకసారి, నిండుగా నవ్వి మరోసారి చూసుకోండి. ఈ రెండు స్థితుల మధ్య మీ పై పెదవి ఎంత దూరం పైకి కదిలింది? చాలామందిలో ఈ కదలిక 6 నుంచి 8 మి.మీ. ఉంటుంది. పళ్ళు, దవడ, పెదవి పొడవు సరిగానే ఉండి, పెదవి మాత్రం ఇంతకంటే ఎక్కువగా లేస్తుంటే, దాన్ని పైకి లాగే కండరాలు బలంగా పనిచేస్తున్నాయని అర్థం. బొట్యులినం టాక్సిన్ పనికొచ్చేది ముఖ్యంగా ఇలాంటి సందర్భంలోనే.

కారణం వేరైనప్పుడు పరిస్థితి మారుతుంది. పై ముందు పన్ను పొడవు పెద్దవారిలో సుమారు 10 నుంచి 11 మి.మీ. ఉంటుంది. కొందరిలో పన్ను పూర్తిగా వచ్చినా చిగురు వెనక్కి జరగక, పన్నులో కొంత భాగాన్ని కప్పే ఉంచుతుంది. పళ్ళు పొట్టిగా, చదరంగా కనిపిస్తాయి. వీరికి కావలసింది ఎక్కువైన చిగురును సరిచేసే చిన్న శస్త్రచికిత్స. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, రక్తపోటుకు వాడే నిఫెడిపిన్ వంటి మందుల వల్ల కూడా చిగుళ్ళు ఉబ్బుతాయి. అలాంటప్పుడు ముందుగా మాట్లాడవలసింది ఆ మందు రాసిన వైద్యుడితో. సొంతంగా మందు ఆపకూడదు.

ఇంకొందరిలో పై దవడ ఎముకే నిలువుగా ఎక్కువ పెరుగుతుంది. పెదవులు వదులుగా ఉన్నప్పుడు కూడా పళ్ళు ఎక్కువగా బయటికి కనిపించడం దీనికి ఒక గుర్తు. ఎముక ఎదుగుదల బాగా ఎక్కువగా ఉంటే దవడను కోసి పైకి జరిపి అమర్చే పెద్ద శస్త్రచికిత్సే అసలైన పరిష్కారం. సూది వేస్తే పెదవి కొంత కిందికి దిగి చిగురును దాచవచ్చు గాని, ఎముక ఎక్కడికీ పోదు.

చాలామందిలో ఈ కారణాలు రెండు మూడు కలిసే ఉంటాయి. అందుకే కొలతలు తీసుకోకుండా, ఫొటో చూసి ‘బొటాక్స్ వేస్తే సరిపోతుంది’ అనే సలహాను నమ్మవద్దు.

4.3 విషం మందుగా మారిన తీరు

1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊళ్ళో ఒక అంత్యక్రియకు వచ్చిన వాద్యబృందం నిలవ ఉంచిన పంది మాంసం తిని జబ్బుపడింది. కనురెప్పలు వాలిపోయాయి, మింగడం కష్టమైంది, ముగ్గురు చనిపోయారు. ఆ మాంసంలోంచే వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఒక బాక్టీరియాను వేరుచేశాడు. దాన్నే ఇప్పుడు క్లాస్ట్రీడియం బొట్యులినం అంటున్నాం.

అది తయారుచేసే విషం ఏం చేస్తుందో చూద్దాం. కండరం ముడుచుకోవాలంటే నాడి చివర నుంచి ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం విడుదల కావాలి. టైప్-ఎ టాక్సిన్ నాడిలోకి చేరి, ఈ విడుదలకు అవసరమైన స్నాప్-25 అనే ప్రోటీన్‌ను తుంచివేస్తుంది. ఆజ్ఞ నాడి దాకా వస్తుంది, కండరానికి మాత్రం చేరదు. కొన్ని నెలల్లో నాడి మళ్ళీ పని మొదలుపెడుతుంది కాబట్టి ఈ ప్రభావం తాత్కాలికం.

అమెరికాలో దీన్ని మొదట 1989లో మెల్లకన్నుకు, కనురెప్పలు అదేపనిగా బిగుసుకుపోయే వ్యాధికి అనుమతించారు. కనుబొమల మధ్య పడే ముడతలకు అనుమతి 2002లో వచ్చింది. చిగుళ్ళ నవ్వుకు మాత్రం అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ప్రత్యేక అనుమతి ఇవ్వలేదు. వైద్యులు తమ విచక్షణతో ఈ అవసరానికి వాడుతున్నారు. ‘బొటాక్స్’ ఒక కంపెనీ పెట్టుకున్న పేరు మాత్రమే. ‘డిస్‌పోర్ట్’ మరో ఉత్పత్తి. ఒకదాని యూనిట్ మరోదాని యూనిట్‌తో సమానం కాదు. విద్యార్థులు పరీక్షల్లో ఎక్కువగా పొరపడేది ఇక్కడే. వైద్యశాలలో ఇదే పొరపాటు జరిగితే నష్టపోయేది రోగి.

4.4 సూది ఎక్కడ, ఎంత

పై పెదవిని పైకి లాగే కండరాలు ముక్కు పక్కనుంచి, బుగ్గ ఎముక నుంచి దిగివస్తాయి. వాటిలో మూడు ముక్కు రెక్క పక్కన ఒకచోటికి చేరువవుతాయి. దక్షిణ కొరియాలోని యోన్సే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ఈ చోటును గుర్తించారు. అందుకే దానికి యోన్సే బిందువు అని పేరు. రెండు వైపులా అక్కడ ఒక్కొక్క సూది వేసి మూడు కండరాలనూ ఒకేసారి వదులుచేయవచ్చు. బొటాక్స్ అయితే ఒక్కో వైపు రెండు మూడు యూనిట్ల చొప్పున మొదలుపెడతారు. ఇది చాలా తక్కువ మోతాదు. తక్కువైతే రెండు వారాల తర్వాత మరికొంత చేర్చవచ్చు, ఎక్కువైతే తీసివేసే మార్గం లేదు.

ప్యూర్టోరికోకు చెందిన దంత వైద్యుడు మారియో పోలో 2008లో 30 మంది ఫలితాలు ప్రచురించాడు. మొదట సగటున 5.2 మి.మీ. కనిపించిన చిగురు రెండు వారాలకు దాదాపు మరుగైంది. తర్వాత క్రమంగా మళ్ళీ కనిపించసాగింది. 24 వారాలకు కూడా పూర్తిగా మొదటి స్థాయికి చేరలేదు. సాధారణంగా మాత్రం ప్రభావం మూడు నుంచి ఆరు నెలలు ఉంటుందని చెప్పుకోవచ్చు. అంటే ఖర్చు ఒక్కసారితో తీరేది కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు లెక్కవేసుకోవాలి.

మందు పక్కకు పాకితే నవ్వు ఒకవైపుకు ఒరుగుతుంది, లేదా పై పెదవి వేలాడుతుంది. పెదవుల చుట్టూ ఉండే కండరానికి సోకితే స్ట్రాతో తాగడం కష్టమవుతుంది. రెండు పెదవులూ కలిస్తేగాని పలకని ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు తేలిపోతాయి. డబ్బింగ్ చెప్పేవారికి, పాఠం చెప్పేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. నటులకైతే మరో చిక్కు ఉంది. క్లోజప్‌లో భావాన్ని పలికించేది ఈ కండరాలే.

4.5 ఒప్పుకునే ముందు

2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లోని ఒక దంత వైద్యశాలకు నవ్వును దిద్దే చికిత్స కోసం వెళ్ళిన ఒక యువకుడు చనిపోయాడు. మత్తుమందు ఎక్కువైందని కుటుంబం ఆరోపించగా పోలీసులు కేసు నమోదు చేశారు. అది బొట్యులినం చికిత్స కాదు. అందం కోసం చేయించుకునేదైనా వైద్యం వైద్యమే అని చెప్పడానికే ఇక్కడ ప్రస్తావిస్తున్నాం. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్ళకండి.

సూది వేసేవారి రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. వైద్యులు తెలంగాణ వైద్య మండలిలో, దంత వైద్యులు రాష్ట్ర దంత వైద్య మండలిలో నమోదై ఉండాలి. మందు సీసాను మీ ఎదుటే తెరవమనండి. పేరు, గడువు తేదీ చూసుకోండి, దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చలిలో నిలవ ఉంచారో లేదో కనుక్కోండి. ఎన్ని యూనిట్లు వేశారో కాగితం మీద రాయించుకోండి. అడిగితే చిన్నబుచ్చుకునే చోట చేయించుకోకపోవడమే మేలు.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, మయస్థీనియా గ్రావిస్ వంటి నాడీకండర వ్యాధులున్నవారికి ఈ చికిత్స చేయరు. జెంటామైసిన్ వంటి యాంటీబయోటిక్ వాడుతుంటే ముందే చెప్పాలి, అది టాక్సిన్ ప్రభావాన్ని పెంచుతుంది. సూది వేసిన చోట ఆ రోజు రుద్దకూడదు. ఆ తర్వాత గంటల్లోగాని, వారాల తర్వాతగాని మింగడం, మాట్లాడటం లేదా ఊపిరి తీసుకోవడం కష్టమైతే క్లినిక్‌కు ఫోన్ చేసి ఎదురుచూడకుండా నేరుగా పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళి, ఈ ఇంజెక్షన్ వేయించుకున్నట్లు అక్కడి వైద్యునికి మొదటగా చెప్పండి.