రేడియో చిప్పు – దాని వినికిడి

పొలమునకును ఇంటికిని నడుమ తీగె లేకుండ వార్తల నంపు యంత్రములు నేడు పల్లెలకు వచ్చుచున్నవి. కొన్ని నేలలోని తేమను తెలుపును. కొన్ని ఇంటనుండియే బిందుసేద్యపు వాల్వును తెరచి మూయును. నడిరేయి గట్టువెంట పోయి వాల్వు త్రిప్పు రైతునకు పురుగు పుట్ర భయ మెట్టిదో మేము చెప్ప నక్కరలేదు. కాని యంత్రము సమయమునకు మాట వినకున్న నీరు వృథాయగును, లేదా పైరు ఎండును. కావున సంఘ సభ్యులు వీనిని కొనుటకు ముందు లోపలి రేడియో చిప్పును గూర్చి కొంత తెలిసికొనవలెను.

ఈ చిప్పునకు నోరును గలదు, చెవియు గలదు. అమ్మువారు తరచుగా నోటి బలమునే పొగడుదురు. బిగ్గరగా పలికిన బ్యాటరీ త్వరగా తరుగును. చెవి చురుకైనచో మెల్లని మాటయే చాలును. ఈ చురుకును డీబీయం అను కొలతతో చెప్పుదురు. ఇది సున్నకు దిగువ లెక్క. ఎంత దిగిన నంత మేలు. 10 మెట్లు దిగినచో పదవవంతు బలముగల మాటయు వినబడును. 6 మెట్లు దిగినచో అడ్డులేని బయలులో దూరము రెట్టింపగును. చెట్లును ఏపైన పైరును నడుమ నున్నచో అంత రాదు.

ఎన్ఆర్ఎఫ్24ఎల్01 ప్లస్ అను చౌక చిప్పు మైనస్ 94 వరకు వినును. లోరా పద్ధతిలో పనిచేయు ఎస్ఎక్స్1262 మైనస్ 124 వరకు వినును. భేదము 30 మెట్లు. అనగా వెయ్యవవంతు బలముగల మాటయు దీనికి చాలును. అయితే ఇచ్చట నొక మెలిక గలదు. మొదటిది సెకనుకు 2,50,000 బిట్లను, రెండవది సుమారు 5,470 బిట్లను మాత్రమే గ్రహించునప్పటి లెక్కలివి. సంతలో గడగడ చదివిన పద్దు వినబడదు. ఒక్కొక్క అంకె నిలిపి చెప్పిన వినబడును. ఆ 30 మెట్లలో సగమునకు మించినది ఈ నిదానము వలన వచ్చినదే.

మిగుల నిదానింపజేసినచో ఎస్ఎక్స్1262 మైనస్ 137 వరకును వినును. కాని సెకనులో పదునారవవంతునకు లోపున ముగియు చిన్న వార్తకు అప్పుడు ఒక సెకనుకు మించి పట్టును. పంపువాని బ్యాటరీ యంతకంత తరుగును. పొరుగు యంత్రముల వార్తలు అడ్డుపడును. కనుక అవసరమునకు మించి నిదాన మక్కరలేదు.

ఒకే వేగమున పోల్చిన పాత ఎస్ఎక్స్1276 చెవి యించుమించుగా దీనితో సమానమే. తేడా ఒక మెట్టు. నిజమైన తేడా విద్యుత్తులో నున్నది. వినుచున్నంతసేపు పాతది సుమారు 11 మిల్లీ యాంపియర్లు, క్రొత్తది సుమారు 5 తీసికొనును. ఆజ్ఞకై రేయింబవళ్లు చెవియొగ్గి యుండు వాల్వునకు 2,400 మిల్లీ యాంపియరు గంటల బ్యాటరీ పెట్టితిమేని, చిప్పు ఖర్చు మాత్రమే లెక్కించినను, పాతదానికి 9 దినములు, క్రొత్తదానికి 20 దినములు వచ్చును. గంట కొకసారి మేల్కొని తేమ తెలుపు యంత్రమున కీ భేద మంతగా లెక్కకు రాదు.

ఎంత మంచి చెవియైనను ఏంటెన్నా పైరులో మునిగియున్నచో ప్రయోజనము లేదు. దానిని పైరు పెరిగిన పిదపను పైకి కనబడునట్లు గుంజపై నిలుపవలెను. మోటారు స్టార్టరునకు దూరముగా నుంచవలెను.

కావున అమ్మువానిని ఈ మూడు ప్రశ్నలు అడుగుడు:

1. నీవు చెప్పు వినికిడి ఏ వేగమున?
2. వినునప్పుడు విద్యుత్తు ఎంత?
3. ఇది మన దేశమున లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జులలో పనిచేయునా? (అమెరికాకై చేసిన 915 వి మనకు తగవు.)

జవాబులు సరిపోయినను, సంఘము మొదట ఒక జతను మాత్రమే తెప్పించి, పైరు నిండుగా నున్న దినములలో అన్నిటికంటె దూరపు చేనిలో పరీక్షించి, పిమ్మట తక్కినవానికి సొమ్ము చెల్లించుట శ్రేయము.