వాడిన జొన్నలో దాగిన విషం

"బెట్టకు గిడసబారిన జొన్న అది. నాము మేస్తే పశువు దక్కదురా!" అని మా నాన్న ఎన్నోసార్లు చెప్పాడు. పాతకాలపు నమ్మకమనుకొని, నేను ఇంటర్ చదివే రోజుల్లో మా కోడెదూడను ఆ చేలోకి నేనే వదిలాను. గంట తిరక్కుండానే అది ప్రాణం విడిచింది. దిష్టి తగిలిందన్నారు ఇరుగుపొరుగు. అసలు సంగతి బి.యస్సీ.లో వృక్షశాస్త్రం చదివాకే నాకు బోధపడింది.

నేలలో తడి ఆరగానే జొన్న తన నీటి ఖర్చు తగ్గించుకుంటుంది. పత్రరంధ్రాలు మూసుకుంటాయి. ఆకు గొట్టంలా చుట్టుకుంటుంది. పైనున్న తెల్లని మైనపుపూత తేమను ఆవిరి కానీయదు. మొక్క ఎదుగుదల ఆపి వాన కోసం కాచుకొని ఉంటుంది.

మరి పురుగుల మాటేమిటి? కదలలేని మొక్క కదా! అందుకే లేత ఆకుల్లో 'ధురిన్' అనే పదార్థాన్ని దాచుకుంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము వేరే కణాల్లో ఉంటుంది. ఆకును కొరికి నమిలితే రెండూ కలిసి హైడ్రోజన్ సయనైడు పుడుతుంది. బెట్టకు గురైన లేత పైరులో ఈ విషం మరీ ఎక్కువ. అయినా మొవ్వు ఈగ దీనికి లొంగదు. ఏ రక్షణా సంపూర్ణం కాదు సుమా!

పురుగు కోసం దాచిన విషమే పశువుకూ తగులుతుంది. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. వెంటనే పశువైద్యుడు సోడియం థయోసల్ఫేటు సూదిమందు ఇస్తే బతికే అవకాశముంది. పండి, బాగా ఎండిన చొప్పతో భయం తక్కువ.

మా నాన్నకు సయనైడు పేరు తెలియదు. కాని ఆయన చెప్పింది నిజం. సెలవులకు పల్లెలకు వెళ్ళే మిత్రులారా, పెద్దల మాటను కొట్టిపారేసే ముందు కారణం వెదకండి.