స్కర్టింగ్ అతుకు కనబడకూడదంటే ఇలా కోయాలి

కోడింగ్ ఉద్యోగం మానేసి చెక్కలు కోస్తున్న మీ తమ్ముడ్ని. ఇవాళ చెక్క స్కర్టింగ్ గురించి. అదేనండి, గోడకి కింద, నేల అంచున వేసే పట్టీ.

ముందు నా తప్పు చెప్తా. అక్క వాళ్ళ కొత్త ఫ్లాట్‌లో బెడ్‌రూమ్ గోడ 14 అడుగులు. పట్టీ ఒక్కోటి 8 అడుగులే వచ్చింది. "కార్పెంటర్ ఎందుకక్కా, నేనున్నాగా" అన్నా. రెండు ముక్కలూ తిన్నగా కోసి, మూతికి మూతి ఆనించి, మధ్యలో లప్పం పెట్టి, పెయింట్ కొట్టేశా. అది వానాకాలం. మార్చి వచ్చేసరికి లప్పం రాలిపోయి నల్లటి గీత! బావ అందులో విజిటింగ్ కార్డు దూర్చి ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాడు. మళ్ళీ పీకుతుంటే గోడ ప్లాస్టరింగ్ కూడా ఊడొచ్చింది. ఆ ఖర్చు నాదే.

ఎందుకలా అయిందంటే, చెక్క గాల్లో తేమకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. పొడవు వైపు మార్పు చాలా తక్కువే, కానీ కంటికి కనబడ్డానికి 1 మిల్లీమీటర్ చాలు కదా. తిన్నటి అతుకు తెరుచుకుంటే వెనక గోడ కనిపిస్తుంది. అదే 45 డిగ్రీల ఏటవాలు కోత అయితే ఒక ముక్క ఇంకోదాని మీద ఎక్కి కూర్చుంటుంది. కాస్త జరిగినా లోపల కనిపించేది చెక్కే, గోడ కాదు.

కోసేటప్పుడు పట్టీని గోడకి ఉన్నట్టే నిలబెట్టి కోయండి. రంపం కోణం మార్చొద్దు. ఒక పట్టీకి కుడి చివర, రెండోదానికి ఎడమ చివర, రెండూ అదే కోణంలో. మార్చారో, అతుకు బదులు గది మూల తయారవుతుంది. నాకు ఒక పట్టీ అలాగే పోయింది, అందుకే గట్టిగా చెప్తున్నా!

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. గుమ్మంలో నిలబడి చూడండి. మీకు దగ్గరున్న ముక్క పైకి రావాలి, దూరంగా ఉన్నది దాని కిందకి పోవాలి. అప్పుడు నడిచొచ్చేవాళ్ళ చూపు సందులోకి పోదు. వీలైతే అతుకుని మంచం వెనక్కో బీరువా వెనక్కో తోసెయ్యండి.

కోసిన చివర జిగురుని పీల్చేస్తుంది. అందుకే ఫెవికాల్ పల్చగా ఒకసారి పూసి, కొన్ని నిమిషాలాగి మళ్ళీ పూయండి. మనవి ఇటుక గోడలు కాబట్టి అతుకు దగ్గర్లోనే డ్రిల్ చేసి, ప్లాస్టిక్ ప్లగ్ పెట్టి స్క్రూ బిగించాలి. అమెరికాలో ఉన్నవాళ్ళయితే గోడ లోపలి చెక్క నిలువు ఎక్కడుందో వెతికి, అతుకు సరిగ్గా దాని మీదకి తెచ్చుకోండి. ఏటవాలు అంచు పల్చగా ఉంటుంది, ముందు సన్నటి రంధ్రం వేయకపోతే చీలిపోతుంది. జిగురు బాగా ఆరాకే సాండ్ పేపర్, ఆ తర్వాతే లప్పం, పెయింట్.

పట్టీలు కొన్న రోజే బిగించకండి, రెండు మూడు రోజులు ఆ గదిలోనే పడుకోబెట్టండి. కింద లామినేట్ ఫ్లోరింగ్ ఉంటే పట్టీని గోడకే బిగించండి, నేలకి జిగురు పెట్టొద్దు. ఆ నేల కూడా కదులుతుంది.

అక్క వాళ్ళ గోడకి రెండోసారి ఇలాగే వేశా. ఒక ఎండాకాలం దాటింది. బావ కార్డు పట్టుకుని వచ్చాడు, దూరలేదు.