నోట్‌గెల్డ్ – ఉస్మానియా సిక్కా: ఆపత్కాలపు కాగితపు డబ్బుకు పూచీ ఎవరిది?

ఉపోద్ఘాతం

ద్రవ్యాన్ని జారీ చేయడం రాజ్యాధికారానికి గుర్తు. లోహమో, విశ్వాసమో కొరవడినప్పుడు ఆ అధికారం ఎవరి చేతికి పోతుంది? మొదటి ప్రపంచయుద్ధం ఈ ప్రశ్నను జర్మనీ ముందు, హైదరాబాద్ సంస్థానం ముందు కూడా నిలిపింది.

జర్మనీ అనుభవం

1914లో యుద్ధం మొదలవగానే ప్రజలు నాణేలను దాచుకున్నారు. చిల్లర కొరతను తీర్చడానికి పురపాలక సంఘాలు, కర్మాగారాలు సొంత చీటీలను ముద్రించాయి. వీటికి నోట్‌గెల్డ్, అంటే ‘ఆపత్కాలపు డబ్బు’ అని పేరు. 1922-23 నాటికి కారణం మారింది. ధరల వేగాన్ని కేంద్రబ్యాంకు ముద్రణ అందుకోలేకపోయింది. అందువల్ల బేయర్ వంటి ప్రైవేటు సంస్థలూ నోట్లు జారీ చేశాయి. బీలెఫెల్డ్ పొదుపు బ్యాంకు పట్టుబట్టపై సైతం ముద్రించింది. కూలిగా చీటీ అందుకున్న కార్మికుడు దానిని వెంటనే ఖర్చు చేయాలి. ఆలస్యమైతే నష్టం అతనిదే. 1923 నవంబరులో లక్ష కోట్ల కాగితపు మార్కులకు ఒక రెంటెన్‌మార్కు చొప్పున లెక్క కుదిరింది.

హైదరాబాద్ అనుభవం

ఇక్కడి చిక్కు వెండిది. 1917లో రూపాయిలోని వెండి విలువ దాని ముఖవిలువను మించింది. నాణెం కరిగిస్తేనే లాభం. బ్రిటిష్ ప్రభుత్వం అదే ఏడాది రూపాయి నోటు తెచ్చింది. నిజాం ప్రభుత్వం 1918లో కాగితపు ద్రవ్య చట్టం చేసి, ఉస్మానియా సిక్కా నోట్లను విడుదల చేసింది. ఇక్కడ జారీదారు ప్రభుత్వమే.

అయితే ప్రైవేటు కాగితం ఇక్కడ లేకపోలేదు. సాహుకార్ల హుండీలు అంతకుముందు నుంచే చెల్లుతున్నాయి. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట్ పేరులో నేటికీ ఒక సేఠ్ పేరు నిలిచి ఉంది. కాని హుండీ వర్తకుల మధ్య చెల్లింపు ఆదేశం. కూలివాని చేతికి వచ్చే డబ్బు కాదు. పైగా కంటోన్మెంటు ప్రాంతంలో బ్రిటిష్ కల్దారు, సంస్థానంలో హాలీ సిక్కా చలామణిలో ఉండేవి. 100 కల్దారు రూపాయలకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. మారకపు భారం సామాన్యుడు మోసినా, ఆ నిష్పత్తి అతనికి ముందే తెలుసు.

ముగింపు

రెండూ ఆపదలో పుట్టిన కాగితాలే. అయినా ఉస్మానియా నోటును నోట్‌గెల్డ్‌తో సమానం చేయడం పొరపాటు. కొరత దేనిది, జారీదారు ఎవరు, విలువ పడిపోతే నష్టం ఎవరిది అనే మూడు ప్రశ్నలతోనే అత్యవసర ద్రవ్యాన్ని వర్గీకరించాలి. వీటిలో మూడవదే ద్రవ్యచరిత్రను సామాజిక చరిత్రగా మారుస్తుంది.