నవాహో నేల మీద నీళ్ల బండి

న్యూ మెక్సికోలోని థోరో దగ్గర సెయింట్ బొనవెంచర్ మిషన్ ఉంది. అక్కడి నుంచి బయల్దేరే పసుపుపచ్చ ట్యాంకర్ కోసం చుట్టుపక్కల నవాహో కుటుంబాలు ఎదురుచూస్తాయి. బండి ఆగగానే పీపాలు, బకెట్లు నింపుకుంటారు. వంటకైనా స్నానానికైనా మళ్లీ బండి వచ్చేదాకా ఆ నీళ్లే.

నవాహో నేషన్ మూడు రాష్ట్రాల్లో దాదాపు 70 వేల చదరపు కిలోమీటర్ల మేర విస్తరించింది. సుమారు 30 శాతం ఇళ్లకు కుళాయి లేదు. ఇళ్లు ఒకదానికొకటి మైళ్ల దూరంలో ఉండటంతో పైపులు వేయడం తలకు మించిన ఖర్చు.

ఈ మిషన్ 1939లో ఏర్పడిన గాలప్ కేథలిక్ మేత్రాసనంలో ఉంది. అది అమెరికాలోని అతి పేద మేత్రాసనాల్లో ఒకటి. స్థానికుల కానుకలతో మిషన్లు నడవవు. అందుకే దూరపు విచారణలు (చర్చి సంఘాలు) ఆసరాగా నిలుస్తున్నాయి. మిషన్ తరఫున ఆ విచారణలకు వచ్చిన గురువు ఆదివారం పూజలో అక్కడి పరిస్థితి వివరిస్తారు. ఆ రోజు రెండో కానుక పళ్లెం తిరుగుతుంది.

ఈ ఆనవాయితీకి మూలాలు పాతవే. ఫిలడెల్ఫియా బ్యాంకరు కూతురు కేథరిన్ డ్రెక్సెల్ తన ఆస్తిని ఇలాంటి సేవకే ధారపోశారు. ఆమె సొమ్ముతోనే 1898లో అరిజోనాలో సెయింట్ మైకేల్స్ మిషన్, 1902లో బడి మొదలయ్యాయి. 2000లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

నీళ్ల బండి డీజిలు, మరమ్మతులు, మిషన్ బడి టీచర్ల జీతాలు నెలనెలా ఉండే ఖర్చులు. పండగపూట ఒక్కసారి ఇచ్చే పెద్ద విరాళం కన్నా, ఏడాది పొడవునా క్రమంగా అందే చిన్న మొత్తమే మిషన్‌కు ఎక్కువ అక్కరకొస్తుంది.