బోరుకు ముందు... ప్లగ్ విప్పండి!

'బోరు' అనే మాట వింటే అనంతపురం వాళ్ల గుండె గుభేలుమంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. వందల అడుగులు దించినా చెమ్మ తగలని బోర్లు, వాటికోసం చేసిన అప్పులు... ఏ పల్లెకెళ్లినా వినిపించే కథే. అలాంటి చోట ముచ్చటపడి సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న ఇంటికి ఇంకో బోరు ఎదురవుతుంటుంది. కారు వణుకుతోందనో, ఘాట్ ఎక్కడం లేదనో షెడ్డుకు తీసుకెళితే, ''ఇంజిన్ అయిపోయింది సార్, బోరు చేయించాల'' అనేస్తారు కొందరు. అంటే పిస్టన్ ఆడే గొట్టాన్ని మళ్లీ తొలిపించడమన్నమాట. వేలకు వేలు ఖర్చు!

నిజంగానే గొట్టం అరిగిందా? లేక వందా రెండొందల రూపాయల ప్లగ్ మసిబారిందా? ఆ సంగతి ఓ ఆదివారం పూట, ఇంటి ముందు చెట్టు నీడలో మనమే తేల్చుకోవచ్చు. ఆ పనిలోనే గేర్‌బాక్సు సంగతీ చూసుకోవచ్చు.

కార్లు పుట్టే చోటే...

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టింది. అప్పట్లో అది అనంతపురం జిల్లా. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. కొత్త కార్లు అక్కడ పుడుతున్నా, సామాన్యుడి చేతికి వచ్చేది మాత్రం ఎక్కువగా పాత కారే. 44వ నంబరు జాతీయ రహదారి మీద నాలుగు గంటలు ప్రయాణిస్తే బెంగళూరు. అక్కడ ఒకరిద్దరి చేతులు మారిన బండ్లు ఇటు వస్తుంటాయి. బెంగళూరు చల్లదనానికి అలవాటుపడిన కారు ఇక్కడ 40 డిగ్రీలు దాటే ఎండను చూడాలి. ఆషాఢం గాలికి లేచే దుమ్మును పీల్చాలి. ఆ దుమ్ము ముందుగా ఎయిర్ ఫిల్టర్‌ను మూస్తుంది. గాలి చాలకపోతే, ముఖ్యంగా పాత కార్బురేటర్ బండ్లలో, పెట్రోలు సరిగా మండక ప్లగ్ నల్లబడుతుంది.

మన 'మైకో' ప్లగ్

జర్మనీలోని బాష్ సంస్థ 1902లోనే హై వోల్టేజీ మాగ్నెటోతో పనిచేసే స్పార్క్ ప్లగ్‌కు పేటెంటు పొందింది. అదే సంస్థ అండతో 1951లో బెంగళూరులో 'మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ' వచ్చింది. అదే మైకో! 2008లో దాని పేరు బాష్‌గా మారినా, మన మెకానిక్కుల నోట 'మైకో ప్లగ్' అన్న మాట స్థిరపడిపోయింది.

ఈ బుల్లి వస్తువు చేసే చాకిరీ అంతా ఇంతా కాదు. ఇంజిన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్ 1,500 సార్లు నిప్పు రవ్వ పుట్టించాలి. అనంతపురం నుంచి బెంగళూరు చేరేలోపు మూడున్నర లక్షల సార్లు! ఏ ఒక్క ప్లగ్ మొరాయించినా కారు కుదుపులు మొదలుపెడుతుంది, మైలేజీ పడిపోతుంది.

విప్పేద్దామా!

ముందే ఓ మాట. డీజిల్ కార్లకు స్పార్క్ ప్లగ్‌లు ఉండవు. ఇది పెట్రోలు బండ్ల సంగతి.

* ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డులోని మరలు పాడవుతాయి.

* ప్లగ్ చుట్టూ పేరుకున్న దుమ్మును సైకిల్ పంపుతో ఊదేయండి. లేదంటే ప్లగ్ తీయగానే ఆ ఇసుకంతా సిలిండర్‌లో పడి, లేని బోరు పనిని నిజంగానే తెచ్చిపెడుతుంది.

* వైరును పట్టి లాగొద్దు. టోపీని పట్టి తీయండి. ఒక ప్లగ్ పని పూర్తయ్యాకే రెండోది ముట్టుకోండి. వైర్లు తారుమారైతే బండి సరిగా నడవదు.

* కొనల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూడండి. ఎంత ఉండాలన్నది కారు పుస్తకంలో ఉంటుంది. చాలా కార్లలో 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఇరీడియం ప్లగ్‌లయితే గీకడం, వంచడం చేయొద్దు. వాటి కొన చాలా సున్నితం.

* బిగించేటప్పుడు మొదట చేత్తోనే తిప్పాలి. పూర్తిగా ఆనాకే పానా పట్టాలి. 14 మిల్లీమీటర్ల మర, వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌కు అక్కడి నుంచి అర చుట్టు, మహా అయితే ఇంకాస్త చాలు.

రంగు చెప్పే జాతకం

ప్లగ్ కొనను వెలుతురులో చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. తెల్లగా, పొక్కులు లేచినట్టుంటే ఇంజిన్ మరీ వేడెక్కుతోంది. రేడియేటర్ నీళ్లు చూసుకోవాలి. నూనెతో తడిసి ఉంటేనే అసలు అనుమానం. అప్పుడూ కంగారొద్దు. వాల్వ్ సీళ్లు గట్టిపడినా ఇంజిన్ ఆయిల్ లోపలికి దిగుతుంది. బోరుకు ఒప్పుకునే ముందు కంప్రెషన్ పరీక్ష చేయించి, ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి ఉందో కళ్లతో చూడండి.

గేర్లకూ దాహమే

ఇంజిన్ ఆయిల్ మార్చేవాళ్లలో చాలామంది గేర్ ఆయిల్‌ను మరిచిపోతారు. పాత కారులో అది ఎప్పుడు మార్చారో అమ్మినవాళ్లకే గుర్తుండదు. మామూలు గేర్ల కారైతే ఇదీ ఇంట్లో చేసుకునే పనే. సమతలంలో నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరొద్దు. గట్టి స్టాండ్లు తప్పనిసరి.

అందరూ చేసే తప్పు... ముందు కింది బోల్టు విప్పడం. ఉన్న నూనె కాస్తా కారిపోయాక పై బోల్టు తుప్పు పట్టి రాకపోతే? అందుకే నూనె పోసే బోల్టు కదులుతుందో లేదో మొదట చూసుకోవాలి. కింది బోల్టుకు అయస్కాంతం ఉంటే దాన్ని చూడండి. బూడిద రంగు గుజ్జు అంటుకుంటే మామూలు అరుగుదలే. ఇనుప ముక్కలు కనిపిస్తే మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. కొత్త నూనెను, పోసే రంధ్రం అంచుకు వచ్చేదాకా గరాటుతో నింపితే చాలా కార్లకు సరిపోతుంది. పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే అదే పోయండి. 'ఇంకా మంచిది' అంటూ జీఎల్-5 అంటగడితే వద్దనండి. అందులోని కొన్ని రసాయనాలు గేర్‌బాక్సులోని ఇత్తడి రింగులను తినేస్తాయి.

ఆటోమేటిక్ కార్ల దారి వేరు. వాటి ద్రవాన్ని నిర్ణీత వేడి దగ్గర కొలవాలి. సీవీటీకి ఒక రకం, మామూలు ఆటోమేటిక్‌కు మరో రకం. ఒకదానిలో ఇంకొకటి పోస్తే గేర్‌బాక్సు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి. మీరు చూసుకోవాల్సింది, డబ్బా మీద ఉన్న పేరూ పుస్తకంలో ఉన్న పేరూ ఒకటేనా అన్నది.

చివరగా... తీసిన పాత నూనెను కాలవలోనో, గట్టు మీదో పారబోయకండి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డులో ఇచ్చేయండి. నేలలోకి ఇంకిన నూనె చివరికి నీళ్లలోకే చేరుతుంది. కారు బోరు తప్పించుకున్న సంతోషంలో, పొలం బోరును పాడుచేసుకోవడం ఎందుకు?